గడప ఆటకు వచ్చిన మెచ్చుకోళ్లు

మా చెల్లెలు తయారుచేసిన వీడియో గేమును మెచ్చుకుంటూ రాసిన మొదటి మనిషి దాన్ని ఆడలేదని నాకు రెండో పేరాలోనే తెలిసింది. మూడో అంతస్తులో నెత్తుటి రంగు నది పారుతుందనీ, దాన్ని దాటుతుంటే ఒళ్లు జలదరించిందనీ రాశాడు. ఆ ఆటలో ఎక్కడా నీళ్లు లేవు. చెల్లెలు వాడినవి నాలుగే రంగులు. బండరాతి రంగు, నీడ రంగు, ఎండ రంగు, నిప్పు రంగు. నీళ్లకు రంగు మిగల్లేదు.

ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

"పొగిడినాడు కదన్నా, ఇంగేం కావల్ల నీకు?" అంది.

"ఆడకుండా పొగిడినాడు."

"శానామంది అంతే. మొదటి గదిలోనే సచ్చిపోయి, బయటికొచ్చి రాస్తారు."

"వాడు మొదటి గదిలో కూడా చావలేదమ్మా. లోపలికే రాలేదు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో పొగడ్తను ఊరికే తీసుకునే అలవాటు లేదు. మా తాత గ్రామ మునసబుగా ఉన్న రోజుల్లో, ఎవరైనా పొద్దున్నే వచ్చి ఆయన్ను పొగడడం మొదలుపెడితే, ఆ మాటలన్నీ ఓపికగా విని, మజ్జిగ ఇప్పించి, ఆ మనిషి అటు పోగానే వాడి పొలం గట్టు ఉన్నచోటే ఉందో లేదో చూసి రమ్మని తలారిని పంపేవాడట. మాకు మిగిలినవాటిలో ఈ గుణం ఒకటి. దీన్ని ఎవరూ కొనుక్కోలేదు కాబట్టి మిగిలింది.

ఆట పేరు 'గడప'. మా కడప పేరులో ఉన్న గడపే. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ ఆటల మాదిరి, చదరపు చుక్కలు పేర్చినట్టుండే బొమ్మలు. పాడుబడ్డ కోట ఒకటి, దానిలో అంతస్తు కింద అంతస్తు. చేతిలో నాటు తుపాకి. ఎదురొచ్చేవాటిని కాల్చుకుంటూ కిందికి దిగాలి. చచ్చిపోతే మొదటి గడప దగ్గరికి వచ్చి పడతాం. మళ్లీ లోపలికి పోతే గదులు ముందున్న వరుసలో ఉండవు, సంపాదించుకున్నది చేతిలో ఉండదు. ఇట్లాంటి ఆటలను రోగ్‌లైక్ అంటారని చెల్లెలు నాకు వివరించింది. మా ఇంటి సంగతి తెలిసినవాణ్ని కాబట్టి త్వరగానే అర్థమైంది.

ఈ ఆటకు ఇంకొక నియమం ఉంది. దాని వల్లే అది మరీ కష్టమైంది. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పోయేటప్పుడు తుపాకిని గడప బయటే వదలాలి. కొత్త అంతస్తులో మొదటి గదిని ఉత్త చేతులతో, తప్పించుకుంటూ, దాటాలి. ఆ తర్వాతే తుపాకి మళ్లీ దొరుకుతుంది. చాలామంది చచ్చేది అక్కడే. ఈ నియమం మా ఇంటిది. మునసబుగా తాతకు లైసెన్సు తుపాకి ఉండేది. దాన్ని బయటి పడసాలలో కొయ్యకు తగిలించేవాడు. లోపలి గడప దాటించడానికి వీల్లేదు. అదొక్కటే మాకు ఆ తుపాకి గురించి తెలిసింది. అది పేలగా విన్నవాళ్లు మా ఇంట్లో లేరు.

చెల్లెలు బెంగళూరులో పదేళ్లకు పైగా కంప్యూటర్ కొలువు చేసి, మానుకుని కర్నూలుకు వచ్చింది. బంగారుపేట వైపు ఒక మేడ మీద గది తీసుకుని ఈ పని మొదలుపెట్టింది. తోడుగా ఒకే ఒక మనిషి. జమ్మలమడుగు పక్క పాత చర్చి కుటుంబం వాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆటలో వినిపించే ప్రతి చప్పుడూ అతను చేసిందే. అతని తాత మా పొలాలు గుత్తకు చేసేవాడు. ఆ ముసలాయన మా తాతను 'సామీ' అని పిలిచేవాడు. ఇతను నన్ను 'అన్నా' అంటాడు. దాని మీద నేను ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆట అమ్మకానికి వచ్చిన కొత్తలో వచ్చిన సమీక్షలు ఎక్కువగా ఇంగ్లీషులో, ఎక్కడెక్కడి దేశాల నుంచో. పాత ఆటల మీద ప్రేమ ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు నచ్చదని ఒకరు రాశారు. తుపాకి లాగేసుకునే నియమం అన్యాయమని ఇద్దరు ముగ్గురు రాశారు. ఒకాయన అయితే, కష్టపెట్టడమే గొప్పతనం అనుకుంటోంది ఈ ఆట అని రాసి, పదికి నాలుగు మార్కులు వేశాడు. చెల్లెలు దాన్నే అందరికంటే ఇష్టంగా చదివేది. "ఈయప్ప కింది దాకా పోయినాడన్నా. పోయే తిడతాండాడు" అనేది. నది కనిపెట్టినవాడి మాట ఎత్తితే మాత్రం నన్ను గమ్మునుండమనేది.

అట్లా కొన్నాళ్లు గడిచాక హైదరాబాదు నుంచి ఒక వీడియో వచ్చింది. అతను ఆటల మీద వీడియోలు చేస్తాడు, చూసేవాళ్లు చాలామంది. టోపీ తిప్పి పెట్టుకుని, చేతులు ఊపుతూ మాట్లాడతాడు. "ఇది గేమ్ కాదు ఫ్రెండ్స్, ఇది సీమ" అని మొదలుపెట్టాడు. వెనక గండికోట లోయ, పెన్న, ఎర్ర బండలు. ఈ ఆట చేసిన అమ్మాయి తాత ఫ్యాక్షన్‌లో చనిపోయాడనీ, ఒకే ఒక్క రోజులో ఆయన్ను చంపేసి ఇంటిని కూల్చేశారనీ, గడప మీదే నరికారు కాబట్టి ఆటకు ఆ పేరు వచ్చిందనీ, చేతిలో తుపాకి లేని సమయం చూసి కొట్టారు కాబట్టే ఆటలో తుపాకి తీసేసుకుంటారనీ చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. చివర్లో గొంతు తగ్గించి, "ఇది నేను ఊహించింది కాదు. ఆ కుటుంబం మనిషే నాకు చెప్పారు" అన్నాడు.

మా తాత జ్వరం వచ్చి, మంచంలో, మనుమలూ మనుమరాళ్లూ చుట్టూ ఉండగా పోయాడు. ఆయన మునసబుగా ఉన్నన్నాళ్లూ మా ఊళ్లో ఒక్క తల కూడా తెగలేదు. మాకు పొలం పోయింది, ఇల్లు పోయింది, మిగిలిందల్లా ఆ ఒక్క మాటే. ఇప్పుడు దాని మీద నెత్తురు పూశారు. పైగా ఆ పూసిన మనిషికి మా ఇంట్లోవాళ్లే ఎవరో రంగు కలిపి ఇచ్చారు.

నేను పని చేసేది డోన్‌లో, ఒక లారీ రవాణా ఆఫీసులో. కర్నూలు నుంచి పొద్దున రైల్లో పోయి సాయంత్రం తిరిగొస్తాను. వీడియో వచ్చిన రెండో రోజు, మా ఆఫీసుకు వచ్చే లారీ యజమాని ఒకాయన నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏమప్పా, మీ తాతను నరికినారంట! ఇన్నేండ్లు ఈడ కూర్చొని లోడింగ్ కాగితాలు రాస్తాండావు, ఒగ మాట చెప్పకపోతివే!"

"నరకలేదు."

"అట్లనే అనల్లప్పా. పగ ఉన్నోడు అట్లనే అంటాడు." కుర్చీ నా వైపు జరిపాడు. "కూర్చో, కూర్చో."

అంతకు ముందు చాలాసార్లు, మాట వచ్చినప్పుడు, మునసబు మనుమణ్నని నేను ఆయనకు చెప్పాను. అప్పుడు లేవలేదు. నేను నిలబడే నా పని చేసుకున్నాను.

ఆట మాత్రం అందరి నోళ్లలో పడింది. ఆ వీడియో చూసి మరికొందరు వీడియోలు చేశారు. ఇంగ్లీషులో రాసేవాళ్లూ ఆ కథను ఎత్తుకున్నారు. ఒక మనుమరాలి ప్రతీకారం అని ఒకరు, నేల కార్చిన కన్నీరు అని ఒకరు. పదికి నాలుగు వేసినాయన తన సమీక్షను తిరగరాశాడు. నేపథ్యం తెలిశాక ఈ క్రూరత్వానికి అర్థం దొరికిందని, ఎనిమిది చేశాడు. ఆ రోజు మాత్రం చెల్లెలు తానే ఫోన్ చేసింది.

"ఆటలో నేను ఒక్క చుక్క మార్చలేదన్నా. మార్కులు మారినాయి" అంది. "ఆయప్ప ఒగడే నిజంగా ఆడినాడనుకొంటి. ఆయప్పా పోయినాడు."

"మరి కాదని చెప్పు."

"చెప్తే?"

"చెప్తే ఏముంది? కాదని తెలుస్తుంది."

ఆమె అప్పుడు చెప్పింది. బెంగళూరులో ఏటా ఇట్లాంటి ఆటలు చేసేవాళ్లందరినీ పిలిచి ప్రదర్శన పెట్టేవాళ్లున్నారు. ముందు వీళ్ల ఆటను వద్దన్నారు. ఇప్పుడు వాళ్లే రమ్మని రాశారు. టోపీ మనిషి కూడా వచ్చే శనివారం తనతో లైవ్‌లో మాట్లాడాలని అడిగాడు. తాత కథ ఆమె నోటితో చెప్పించాలట.

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్యా."

"ఏం చెప్తావు?"

"అప్పుడు చూసుకుంటా."

ఆ సమాధానం నాకు నచ్చలేదు. ఫోన్ పెట్టేశాక ఇంకా నచ్చలేదు. తాతను అడ్డం పెట్టుకుని ఆట నిలబడుతోంది. ఆయన్ను పక్కకు తీస్తే ఆట పడిపోతుంది. అది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆ కుటుంబం మనిషే చెప్పారు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. కుటుంబమంటే మిగిలింది నేను, చెల్లెలు, ఊళ్లో ఉన్న మేనత్త. నేను చెప్పలేదు. మేనత్తకు వీడియో గేము అంటే ఏమిటో తెలియదు.

మా చెల్లెలు చెప్పి ఉంటుందని అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకని ముందు ఆ చర్చి అబ్బాయి మీద అనుమానపడ్డాను. అతని తాత మా ఇంటి సంగతులన్నీ తెలిసిన మనిషి. బయటివాళ్లకు కుటుంబం మనిషినని చెప్పుకునే చనువు కూడా ఇతనికి ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యేదాకా చర్చి గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను. అతను కీబోర్డు సంచి భుజానికి వేసుకుని వచ్చి, నన్ను చూసి ఆగాడు.

"ఏమన్నా, ఈడికొచ్చినావు? లోపలికి రాకపోతివా, బయట యాల నిలబడినావు?"

"నీతో మాట్లాడాలి. హైదరాబాదు వాడికి మా తాత సంగతి ఎవరు చెప్పారు?"

అతను సంచి దించి గోడకు ఆనించాడు.

"నేను చెప్పినాననుకొని వచ్చినావా?"

"ఎవరు చెప్పారని అడిగాను."

"నేనేమో నువ్వే చెప్పించినావనుకొన్యానన్నా!" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "నిజంగా! దేవుని గుడి ముందర చెప్తాండా. వీడియో చూసినాక, మా అమ్మతో కూడా అన్యా. అన్నకు పెద్దరికం మీద శానా ఇది గదా, మీసం తిప్పుకోనీకి చెప్పించినాడేమో అని."

"నేనా? చంపించుకున్నామని చెప్పి మీసం తిప్పుకుంటామా?"

"ఈ కాలంలో తిప్పుకుంటాండారన్నా. నువ్వు బయటికి రావు కాబట్టి తెల్దు." నవ్వు తగ్గించాడు. "మా తాత మీ తాతను తలుచుకోని పొద్దు లేదు. ఆయన్ను నరికినారని నేను చెప్తానా? మా తాత సమాధిలోంచి లేచొచ్చి నన్ను నరుకుతాడు."

అతను అబద్ధం చెప్పడం లేదని అనిపించింది. అనిపించినంత మాత్రాన నేను నమ్మను గాని, అతను నన్నే అనుమానించాడన్న మాటను మాత్రం నమ్మాను. అంటే ఇక మిగిలింది చెల్లెలు. ఇంటికి పోయి భోజనం చేయబుద్ధి కాలేదు.

శుక్రవారం సెలవు పెట్టి ఊరికి పోయాను. చెల్లెలిని అడిగే ముందు నా చేతిలో ఒక మాట ఉండాలని, తాత ఎట్లా పోయాడో మేనత్త చేత చెప్పించి ఫోనులో రికార్డు చేద్దామని అనుకున్నాను. మేనత్త మా పాత ఇంటికి ఎదురుగా రెండు గదుల్లో ఉంటుంది. మా పాత ఇల్లు ఇప్పుడు సిమెంటు గోడౌను. గాలి వచ్చినప్పుడల్లా ఆ దుమ్ము ఆమె అరుగు మీద పడుతుంది. ఆమె రోజుకు ఎన్నిసార్లయినా తుడుస్తుంది గాని, అరుగు మీద కూర్చోవడం మానదు.

"ఏం నాయనా, చెప్పకుండా వచ్చినావు? బువ్వ తిన్యావా?"

తిన్నానని చెప్పి, కూర్చుని, తాత గురించి మొదలుపెట్టబోయాను. ఆమే ముందు అంది.

"ఆ మద్దెన ఒగాయప్ప వచ్చినాడు. టోపీ ఎనక్కి పెట్టుకొన్యాడు. గండికోట సూసి వస్తాండానన్యాడు. మన పాప ఏదో ఆట సేసిందంట గదా, దానికోసరం ఇంటిని సూడల్లని వచ్చినాడంట. శానా మంచోడు. మజ్జిగ ఇస్తే రెండు లోటాలు తాగినాడు."

"ఏం అడిగాడత్తా?"

"ఏముంది? ఇంత పెద్ద ఇల్లు ఇట్ల యాలయింది అన్యాడు. సెప్పినా."

"ఏం చెప్పావు?"

"ఉండేదే సెప్పినా. మా నాయన్ను తీసేసినారప్పా, అన్యా. ఒగే ఒగ దినంలో తీసేసినారు. ఆ దినం నుంచి ఈ ఇల్లు మళ్ల పైకి లెయ్యలే, అని సెప్పినా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రభుత్వం గ్రామ మునసబు పదవులను రద్దు చేసినప్పుడు రాష్ట్రమంతటా అందరితో పాటే మా తాత కొలువూ పోయింది. తాలూకా ఆఫీసు నుంచి మనిషి వచ్చి ముద్ర తీసుకుని పోయాడు. బయటివాళ్లకు అది ఒక చట్టం. మా ఇంట్లో మాత్రం అది కాలాన్ని రెండుగా కోసిన సంగతి. తీసేయకముందు కొన్న ఎద్దులు, తీసేసినాక పుట్టిన పిల్లలు. తీసేసిన ఏడాది పడిన వాన. ఎవరిని తీసేశారు, ఎక్కడి నుంచి తీసేశారు అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నేనూ చెల్లెలూ ఆ మాట వింటూనే పెరిగాం. అది సగం మాటేనని, మిగతా సగం బయటివాడికి తెలియదని మాకు ఎప్పుడూ తట్టలేదు.

హైదరాబాదు మనిషి సినిమాల్లో విన్న తెలుగులో 'తీసేశారు' అంటే ఒకటే అర్థం. అతను దాన్నే పట్టుకుని పోయాడు.

"అత్తా, వాడు చంపేశారని అనుకున్నాడు. ఊరంతా, దేశమంతా అదే చెప్తున్నాడు."

"సూసినాలే. ఎదురింటి పిల్ల ఫోన్లో సూపించింది."

"చూశావా! చూసి ఊరుకున్నావా?"

"ఏం సేయమంటావు? నేను అబద్ధం సెప్పలే."

"కాదని చెప్పాలి కదా. ఇప్పుడు చెప్పు. నేను ఫోన్లో పట్టుకుంటా. ఉద్యోగం నుంచి తీసేసినారు, జ్వరంతో పోయినాడు అని చెప్పు, చాలు."

ఆమె చెంగుతో అరుగు తుడవడం మొదలుపెట్టింది. దుమ్ము లేని చోట కూడా తుడిచింది.

"సెప్పను" అంది.

"ఎందుకు?"

"సంపినారంటే నలుగురు అయ్యో అన్యారు నాయనా. ఆ పిల్ల నా సెయ్యి పట్టుకొని ఏడ్సింది. తీసేసినారంటే ఇన్నేండ్లలో ఎవురన్నా అయ్యో అన్యారా? వాడెవడో తాసిల్దారాఫీసు బంట్రోతు, నిలబడి ముద్ర ఇయ్యమన్యాడు. మా నాయన లేసి ఇచ్చినాడు. ఊరంతా సూసినారు. దానికంటే సంపినారంటేనే మేలు."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమెతో వాదించడానికి నా దగ్గర మాటలున్నాయి గాని, అవన్నీ ఆ ముద్ర ఇచ్చినప్పుడు అక్కడ లేని మనిషి మాటలు.

సాయంత్రానికి కర్నూలు చేరి, మేడ మీది గదికి పోయి, చెల్లెలికి జరిగింది చెప్పాను. విని, కుర్చీలో వెనక్కి వాలి, "తీసేసినారు" అని ఆ మాటను నోట్లోనే రెండుసార్లు అనుకుంది.

"నన్నేనా నువ్వు అనుమానం పడింది?" అని అడిగింది తర్వాత.

"అందరినీ పడ్డాను."

"నేను చెప్పినాననే గదా ఊరికి పోయినావు?"

పక్కనే పని చేసుకుంటున్న చర్చి అబ్బాయి మధ్యలో కల్పించుకుని, "నన్ను ముందు పడినాడు లేక్కా. నీ కంటే నేనే సీనియర్" అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది, నా మీద కోపం పోలేదు.

శనివారం మధ్యాహ్నం లైవ్ మొదలైంది. నేను కెమెరాకు అందని మూల స్టూలు మీద కూర్చున్నాను. తెరలో టోపీ మనిషి, పక్కన జనం రాసే మాటలు పైకి పాకుతున్నాయి. చెల్లెలు రాత్రంతా ఏం చెప్పాలో ఆలోచించుకుందో, బెంగళూరు వాళ్లకు ఏం రాసిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగితే చెప్పేది కాదు.

"అక్కా, ముందుగా మీ తాతగారికి మా సెల్యూట్" అన్నాడు అతను. "ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో వినాలని అందరూ వెయిటింగ్."

"మా తాతను ఎవురూ చంపలేదు" అంది చెల్లెలు.

"అంటే?"

"ఉద్యోగం తీసేసినారు. మునసబు ఉద్యోగం. మా అత్త తీసేసినారని చెప్పింది, నువ్వు నరికినారని విన్యావు."

అతను ఒక క్షణం కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"ఒక రకంగా... ఎమోషనల్‌గా చూస్తే... అదీ చంపడమే కదక్కా?"

"కాదు తమ్ముడూ. ఆ రోజు రాత్రి అన్నం తిన్యాడు. ఆ తర్వాత శానా ఏండ్లు బతికినాడు. జ్వరమొచ్చి పోయినాడు."

"మరి తుపాకి? గడప దగ్గర గన్ తీసేసుకోవడం?"

"ఇంట్లోకి తుపాకి తేకూడదని ఆయన పెట్టిన నియమం. అంతే. పిల్లోళ్లు తిరుగుతాంటారని." ఆమె కొంచెం ముందుకు వంగింది. "నేనొకటి అడగల్నా? నువ్వు రెండో గడప దాటినావా?"

"టైమ్ దొరకలేదక్కా. చాలా హార్డ్ కదా గేమ్."

"మొదటిది?"

పక్కన పాకుతున్న మాటలు ఒక్కసారిగా వేగంగా పాకడం మొదలుపెట్టాయి. అతను నవ్వి, మాట మార్చి, ఇంకాసేపటికి సెలవు తీసుకున్నాడు.

నా ఒళ్లు తేలికైంది. తాత పేరు మీది నెత్తురు కడిగేశాం అనుకున్నాను. అది ఒక్క పూట ఉంది.

ఆదివారం నుంచి కొత్త మాట మొదలైంది. ఫ్యాక్షన్ కథను వీళ్లే పుట్టించి, పేరు వచ్చాక మెల్లగా తప్పుకున్నారని రాశారు. తాత చావును అమ్ముకున్నారని ఒకరు, అసలు తాతే లేడని ఇంకొకరు. నాలుగును ఎనిమిది చేసినాయన ఇప్పుడు మూడు చేశాడు. బెంగళూరు నుంచి జవాబు రాలేదు. లారీ యజమాని నన్ను చూసి, "పోనీలేప్పా, ఏదో చిన్న విషయం" అని ఓదార్చి, కుర్చీలోంచి లేవలేదు.

మేనత్తకు ఫోన్ చేశాను. ఎదురింటి పిల్ల ఎత్తింది. అవ్వ మాట్లాడదంట అని చెప్పింది. వెనక నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

"అందరి ముందర సెప్పినారు గదా తీసేసినారని, ఇంగ నాతో ఏంటికి మాట్లాడేది? ఫోన్ పెట్టేయమ్మా."

చెల్లెలు చేసింది సరైన పనే. చేయించింది నేనే. ఊళ్లో ఆ అరుగు మీద మేనత్త ఎట్లా కూర్చుని ఉంటుందో తలుచుకుంటే మాత్రం, ఆ మాట నాతో నేను గట్టిగా అనుకోవలసి వచ్చేది.

వర్షాలు మొదలయ్యాక ఒక రోజు మేడ మీది గదికి పోతే, చెల్లెలు నన్ను కూర్చోనివ్వకుండానే కంప్యూటర్ ముందుకు లాగింది. బళ్లారి నుంచి ఎవరో ఒకామె సమీక్ష రాసింది. చదివేవాళ్లు ఎక్కువ లేని చోట, పొడుగ్గా. మెచ్చుకున్నది తక్కువ. నాలుగో అంతస్తులో ఎడమ దారి ఓపిక లేక గీసినట్టుందని రాసింది. తుపాకి వదిలే నియమం మంచిదే గాని, చివరి గడప దగ్గర దాని అవసరం లేదని రాసింది. అన్నింటికంటే ముఖ్యంగా, ఎదురొచ్చే తేలు కదిలే చప్పుడూ తలుపు తెరుచుకునే చప్పుడూ ఒకటేలా ఉన్నాయనీ, దానివల్ల తాను అనవసరంగా చాలాసార్లు చచ్చాననీ, అది కష్టం కాదు, అజాగ్రత్త అనీ రాసింది.

చర్చి అబ్బాయి మొహం మాడిపోయింది.

"ఎవురక్కా ఈమె? తేలు చప్పుడు వేరే, తలుపు చప్పుడు వేరే. ఈమెతో ఎవురో రాయించినారు."

"ఎవురు రాయిస్తారు?"

"ఎవురో. ఆ టోపీ వాడే రాయించినాడేమో."

"బళ్లారిలోనా?"

"యాడైతేనేం?"

చెల్లెలు రెండు చప్పుళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. మళ్లీ వినిపించింది. ఆ అబ్బాయి, రెండూ తమ చర్చి గేటు బందు కిర్రుమనే చప్పుడేననీ, ఒకదాన్ని మెల్లగా, ఒకదాన్ని వేగంగా వాడాననీ ఒప్పుకున్నాడు. చెల్లెలు అప్పటికే తలుపు చప్పుడు ఫైలు తెరిచి ఉంది. ఇన్ని నెలల్లో ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

వాళ్లిద్దరూ దాని మీద పోట్లాడుకుంటుంటే, నేను కుర్చీ లాక్కుని ఆ సమీక్షను మొదటి నుంచి నెమ్మదిగా చదివాను. ఆమె ఎవరు, ఎందుకు రాసింది, ఎవరి పక్షం అని ప్రతి వాక్యం దగ్గరా ఆగి చూశాను. అంత పొడుగు రాతలో సీమ అన్న మాట లేదు. మా తాత లేడు. ఆయన్ను ఎవరూ చంపలేదు, ఎవరూ తీసేయలేదు. ఆటను ఆడిన మనిషి ఆట గురించి రాసింది.

"ఏందన్నా, ఏమన్నా దొరికిందా?" అంది చెల్లెలు వెనక్కి తిరగకుండానే.

ఏమీ దొరకలేదని చెప్పాను.